ఆపి ఉంచిన కారులో బూజు ఎందుకు పడుతుంది? అద్దాలు దించాలా, బిగించాలా?

 

ఈరోజు టాపిక్ వినగానే "ఇది కూడా ఒక ఎపిసోడేనా" అనిపించొచ్చు. కానీ ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస, టెక్కలి, ఇటు చీపురుపల్లి, గజపతినగరం... ఈ బెల్ట్‌లో ఏ ఊరెళ్లినా ఒక సీన్ కామన్. కొడుకు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, గల్ఫ్‌లోనో ఉంటాడు. లోన్ పెట్టి కొన్న కారు ఊళ్లో ఉంటుంది. నాన్నకి డ్రైవింగ్ రాదు. జూన్‌లో రేకుల షెడ్డు కింద పెట్టి, పైన బరకం కప్పేసి వెళ్లిపోతాడు. మళ్లీ సంక్రాంతికి వచ్చి డోర్ తీస్తే ముక్క వాసన. స్టీరింగ్ మీద బూడిద రంగు బూజు. సీట్ల మీద తెల్లటి చుక్కలు. సీటు బెల్టుకి పచ్చటి మరకలు.

"వాన ఒక్క చుక్క కూడా లోపల పడలేదు కదా, ఈ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?" ఇదే ఈరోజు మన ప్రశ్న.

ఇది కేవలం వాసన ప్రాబ్లమ్ కాదు. ఆ కారులో పండగ పూట అమ్మని, చిన్నపిల్లల్ని ఎక్కించుకుని, అద్దాలు మూసి, ఏసీ ఆన్ చేస్తాం. ఆ బూజు పొడి నేరుగా వాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఇది చిన్న విషయం కాదు. అమ్ముదామంటే కొనేవాడు డోర్ తీసి ముక్కు మూసుకుంటాడు, రేటు అక్కడే పడిపోతుంది.

నీళ్లు పైనుంచి రాలేదు, గాలిలోంచి వచ్చాయి

చల్లటి మజ్జిగ గ్లాసు బయట పెడితే రెండు నిమిషాల్లో దానికి చెమట పడుతుంది. గ్లాసు లీక్ అవ్వలేదు. చుట్టూ ఉన్న గాలిలో ఆవిరిగా ఉన్న నీరు, చల్లటి గాజు తగలగానే చుక్కలైంది. అంతే.

దీని వెనక లెక్క చాలా సింపుల్. వేడి గాలి ఎక్కువ నీటిని మోస్తుంది, చల్లగాలి తక్కువ మోస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి దాకా మోయగలదు. 25 డిగ్రీల దగ్గర 23 గ్రాములే. 5 డిగ్రీలకి దిగితే 7 గ్రాముల లోపే. మోయగలిగిన దాంట్లో ఇప్పుడు ఎంత మోస్తోందో చెప్పేదే హ్యుమిడిటీ పర్సెంటేజ్. గాలి చల్లబడుతూ చల్లబడుతూ "ఇక నా వల్ల కాదు" అని నీటిని వదిలేసే టెంపరేచర్ ఉంటుంది చూశారా, దాని పేరు డ్యూ పాయింట్. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ ఎపిసోడ్ మొత్తం దాని మీదే నడుస్తుంది.

ఇప్పుడు మన కారుకి వద్దాం. మామూలు కారు లోపల సుమారు 3 ఘనపు మీటర్ల గాలి ఉంటుందనుకుందాం. ఆగస్టులో ఒక సాయంత్రం 30 డిగ్రీలు, హ్యుమిడిటీ 80 శాతం. అంటే ఘనపు మీటరుకి 24 గ్రాములు, మొత్తం కారులో 72 గ్రాములు. టీ కొట్టు గ్లాసు నిండా కూడా రాదు. రాత్రికి 25 డిగ్రీలకి దిగితే అందులో బయటికొచ్చేది 3 గ్రాములు. ఒక టీ స్పూన్ కంటే తక్కువ.

ఇక్కడ ఒక డౌట్ రావాలి. స్పూన్‌డు నీళ్లతో ఇంత బూజా?

అసలు దొంగ కాళ్ల కింద ఉన్నాడు

గాలిలో ఉన్నది చిల్లర. అసలు స్టాక్ కార్పెట్‌లో, దాని కింద ఉన్న ఫోమ్‌లో, సీట్ల స్పాంజిలో ఉంటుంది. వర్షంలో తడిసిన చెప్పులతో ఎక్కుతాం, తడి గొడుగు వెనక సీటు కింద పడేస్తాం, వాటర్ బాటిల్ ఒలుకుతుంది. పైన రబ్బరు మ్యాట్ ఉంటుంది కాబట్టి కిందకి దిగిన నీరు ఆరదు. అలా ఒక లీటరు దాకా కార్పెట్ కింద ఉన్నా పైకి కనపడదు.

తలుపులు మూశాక ఏం జరుగుతుందంటే, పగలు కారు వేడెక్కుతుంది, కార్పెట్‌లోని నీరు ఆవిరవుతుంది. రాత్రి అద్దాలు, టాప్ రేకు చల్లబడతాయి, ఆ ఆవిరి అక్కడ చుక్కలవుతుంది. తెల్లారి మళ్లీ మొదలు. ప్రోగ్రామింగ్‌లో ఎగ్జిట్ కండిషన్ లేని లూప్ లాంటిది. ఎవరో ఒకరు వచ్చి బ్రేక్ చెయ్యాల్సిందే.

బూజుకి చుక్కలు కూడా అక్కర్లేదు. ఏదైనా వస్తువు పక్కన గాలి హ్యుమిడిటీ 80 శాతం పైన కొన్ని రోజులు ఉంటే చాలు, మొలుస్తుంది. 65 లోపు ఉంచితే దాదాపు మొలవదు. తిండికి కొదవ లేదు. స్టీరింగ్ మీద చేతి జిడ్డు, సీటు బెల్టు మీద చెమట, పిల్లలు రాల్చిన బిస్కెట్ పొడి... దానికి ఇవన్నీ విందు భోజనం. అందుకే బూజు ముందు స్టీరింగ్, గేర్ నాబ్, బెల్టు మీద కనపడుతుంది. మన చెయ్యి తగిలే చోట్లే అవన్నీ.

విదేశీ వీడియోలు చూసి అద్దాలు దించకండి

ఈ టాపిక్ సెర్చ్ చేస్తే ఎక్కువగా ఇంగ్లిష్ వీడియోలే వస్తాయి, అందులోనూ కారవాన్ వీడియోలు. కారవాన్ అంటే చక్రాలున్న చిన్న ఇల్లు, కారు వెనక తగిలించుకుని టూర్లకి వెళ్తారు. బ్రిటన్ లాంటి చోట్ల చలికాలం వచ్చిందంటే దాన్ని నెలల తరబడి పక్కన పెట్టేస్తారు. వాళ్లకీ ఇదే సమస్య: చెమ్మ, బూజు. వాళ్లు చెప్పే మొదటి సలహా ఏంటంటే గాలి ఆడేలా వదలండి, వెంటిలేషన్ మూయకండి అని.

వాళ్ల ఊరికి అది కరెక్ట్. ఎందుకంటే అక్కడ చలికాలంలో బయట 5 డిగ్రీలుంటే, ఆ గాలిలో ఘనపు మీటరుకి 7 గ్రాములకి మించి నీరు ఉండదు. అది లోపలికొచ్చి కాస్త వేడెక్కితే ఇంకా పొడిగా మారి, లోపలి చెమ్మని తీసుకుపోతుంది.

మన దగ్గర? కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఆగస్టులో నిలబడి చూడండి. పక్కనే బంగాళాఖాతం. గాలిలో ఘనపు మీటరుకి 24 గ్రాముల చొప్పున నీరు. ఆ సీజన్‌లో అద్దం రెండు అంగుళాలు దించి వెళ్లడమంటే ఆరబెట్టడం కాదు, సముద్రానికి డోర్ తీసి పెట్టడం. ఎలుకలకి ఫ్రీ ఎంట్రీ అదనం. సలహా తప్పు కాదు, అది వేరే గాలి కోసం రాసింది. అంతే తేడా.

మరి ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి? దీనికి అంచనాలు అక్కర్లేదు, ఫోన్ చాలు. చాలా వెదర్ యాప్స్‌లో కిందికి స్క్రోల్ చేస్తే డ్యూ పాయింట్ అని ఒక నంబర్ ఉంటుంది. అది బయటి గాలిది. లోపలి దానికి కొన్ని వందల రూపాయల్లో దొరికే చిన్న డిజిటల్ హ్యుమిడిటీ మీటర్ కారులో పెట్టండి. అది చూపించే టెంపరేచర్, హ్యుమిడిటీ రెండూ ఏదైనా ఆన్‌లైన్ డ్యూ పాయింట్ క్యాలిక్యులేటర్‌లో కొడితే లోపలి నంబర్ వస్తుంది. రూల్ ఒక్కటే:

బయటి డ్యూ పాయింట్ లోపలిదానికంటే తక్కువుంటే తెరవండి. ఎక్కువుంటే మూయండి.

ఉదాహరణకి వర్షాకాలంలో బయట 31 డిగ్రీలు, 75 శాతం ఉంటే డ్యూ పాయింట్ 26 దగ్గర ఉంటుంది. లోపల 27 డిగ్రీలు, 85 శాతం అయితే 24 చిల్లర. పర్సెంటేజ్ చూస్తే బయటే పొడిగా ఉన్నట్టు కనపడుతుంది, 75 కంటే 85 ఎక్కువ కదా అని డోర్లు తీసేస్తాం. నిజానికి బయటి గాలిలోనే నీరు ఎక్కువ. అదే డిసెంబర్ మధ్యాహ్నం 27 డిగ్రీలు, 50 శాతం ఉంటే డ్యూ పాయింట్ 16 లోపే. అప్పుడు నాలుగు డోర్లూ బార్లా తీసి పెట్టండి, పండగే.

మీటర్ లేదా? వంటింట్లో ఉప్పు డబ్బా చూడండి. ఉప్పు 75 శాతం హ్యుమిడిటీ దాటితే గాలిలో నీరు పీల్చి చెమ్మగిల్లడం మొదలుపెడుతుంది. "ఉప్పు నీరు కారతంది, ముసురు వదల్లేదు" అని మన అమ్మమ్మలు అనే మాటలో పక్కా ఫిజిక్స్ ఉంది. ఉప్పు గలగలలాడే రోజు కారు డోర్లు తెరిచే రోజు.

పలాస జీడిపప్పు ఫార్ములా

నిజానికి ఈ సమస్యకి జవాబు మన జిల్లా వాళ్లకి ఎప్పటి నుంచో తెలుసు. పలాసలో జీడిపప్పు ఎలా ప్యాక్ చేస్తారు? పప్పుని డ్రయ్యర్‌లో ఆరబెట్టి, తేమ 5 శాతం దగ్గరికి తెచ్చి, ఆ తర్వాత గాలి చొరకుండా బిగిస్తారు. తడి పప్పుని బిగిస్తే డబ్బాలోనే బూజు పడుతుంది. ఆరిన పప్పుని బిగించకుండా వదిలితే మెత్తబడిపోతుంది. రెండూ చెయ్యాలి, అదీ ఆ వరసలోనే.

కారుకీ అంతే: ముందు ఆరబెట్టు, తర్వాత బిగించు. మన వాళ్లు ఎక్కువగా చేసేది దీనికి రివర్స్. తడి కారుని బరకం కింద బిగిస్తారు, ఎందుకైనా మంచిదని ఒక అద్దం కొంచెం దించుతారు. సగం సగం రెండూ చేస్తే రెండిటి నష్టమూ వస్తుంది.

ఆరబెట్టడం ఎలా, అదీ వానాకాలంలో

ఇక్కడ ఒక ట్రిక్ ఉంది. వాన తెరిపిచ్చి రెండు మూడు గంటలు ఎండ కాస్తే చాలు.

ముందు మ్యాట్లన్నీ బయటికి తీసి విడిగా ఆరేయండి. కార్పెట్ మీద అరచెయ్యి గట్టిగా నొక్కి చూడండి, ముందు సీటు కింద, వెనక కాళ్ల దగ్గర, డిక్కీలో స్టెప్నీ గుంటలో కూడా. ఇప్పుడు కారుని ఎండలో పెట్టి అద్దాలన్నీ మూసేయండి. అవును, మూసేయాలి. గంటలో లోపల టెంపరేచర్ బయటి కంటే 15-20 డిగ్రీలు పెరుగుతుంది. 45 డిగ్రీల గాలి, 30 డిగ్రీల గాలి మోసే దానికి రెట్టింపు నీటిని మోస్తుంది. కార్పెట్‌లో, స్పాంజిలో ఉన్న నీరు గాలిలోకి లేస్తుంది. అప్పుడు నాలుగు డోర్లూ, డిక్కీ పది నిమిషాలు తీసి ఆ గాలిని వదిలేయండి. మళ్లీ మూయండి, మళ్లీ గంట. ఒక మధ్యాహ్నానికి రెండు మూడు రౌండ్లు. కార్పెట్ బాగా తడిగా ఉంటే రెండు మూడు మధ్యాహ్నాలు పడుతుంది. ఈ టైమ్‌లో పిల్లల్ని, కుక్కపిల్లల్ని కారు దగ్గరికి రానివ్వద్దు, మూసిన కారు వేడి ప్రాణాంతకం.

ఎండ అసలు లేకపోతే డ్రైవ్‌కి వెళ్లండి. ఏసీ ఆన్‌లోనే ఉంచి టెంపరేచర్ నాబ్‌ని వేడి వైపు తిప్పండి. ఏసీ కాయిల్ గాలిలో నీటిని లాగి కిందికి కార్చేస్తుంది, హీటర్ ఆ పొడి గాలిని వేడి చేసి లోపలికి పంపుతుంది. ఇంటికి చేరడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం నడపండి. కాయిల్ మీద మిగిలిన తడి ఆరిపోతుంది, ముక్క వాసన సగం అక్కడే పోతుంది. ఇంజన్ మాత్రం మూసిన షెడ్డులో నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషిని చంపేస్తుంది.

ఇంకో రెండు చెక్స్. ముందు అద్దం కింద వైపర్ల దగ్గర ఎండుటాకులు చేరితే నీటి దారి మూసుకుపోయి లోపలికి దిగుతుంది, తీసేయండి. ఏసీ ఆన్ చేస్తే కారు కింద నీళ్లు చుక్కలుగా పడాలి. పడకపోతే ఆ పైపు బ్లాక్ అయి, నీరు ముందు సీటు కాళ్ల దగ్గరికి దిగుతుండొచ్చు, మెకానిక్‌కి చూపించండి.

సముద్రం దగ్గర ఊళ్లయితే కారుని మంచినీళ్లతో కింద వైపు కూడా కడిగాకే ఈ ఆరబెట్టే పని. ఉప్పు ధూళి ఉన్నచోట రేకు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఇందాక ఉప్పు డబ్బా కథ చెప్పాను కదా, అదే.

ఎక్కడ పెట్టాలి, ఏం కప్పాలి

డిసెంబర్ పొద్దున్న ఆరుబయట ఉన్న బైక్ సీటు మంచుతో తడిసి ఉంటుంది, చెట్టు కిందో పోర్టికోలోనో ఉన్న బైక్ పొడిగా ఉంటుంది. గమనించారా? ఆరుబయట ఉన్న వస్తువు రాత్రి తన వేడిని ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడిపోతుంది. పైన కప్పు ఉంటే ఆ వేడి అంత పోదు. కాబట్టి పోర్టికో బెస్ట్, కమ్మల పాక కూడా మంచిదే. రేకుల షెడ్డు అయితే ఆ రేకుకే రాత్రి చెమట పట్టి కింద పడుతుంది, కాబట్టి కారు మీద కవర్ ఉండాలి.

ఆ కవర్ ప్లాస్టిక్ బరకం కాకూడదు. బరకం కింద నేల చెమ్మ అంతా పైకి లేచి, పోయే దారి లేక, కారుకే అంటుకుంటుంది. వానకి తడవకుండా ఆవిరిని వదిలే క్లాత్ రకం కార్ కవర్లు దొరుకుతాయి, అవి వాడండి. మట్టి నేల అయితే ఆ బరకాన్నే కారు కింద పరిచేయండి, నేల చెమ్మ పైకి రాదు. వస్తువు అదే, ప్లేస్ మారిందంతే.

సిలికా జెల్, బొగ్గు, బియ్యం, సున్నం: ఏది పనిచేస్తుంది?

సిలికా జెల్ పనిచేస్తుంది, కానీ లెక్క చూడండి. తేమ గాలిలో అది తన బరువులో మూడో వంతు వరకూ నీటిని పీలుస్తుంది. షూ బాక్స్‌లో వచ్చే 5 గ్రాముల ప్యాకెట్ ఒకటిన్నర గ్రాము తీసుకుంటుంది. కారు గాలిలోనే 72 గ్రాములున్నాయి. అలాంటి నాలుగు ప్యాకెట్లు డ్యాష్‌బోర్డ్ మీద పెడితే మన మనసుకి శాంతి తప్ప కారుకి ఏమీ లేదు. ఒక కేజీ తెచ్చి పల్చటి గుడ్డ సంచుల్లో కట్టి సీట్ల కింద పెట్టండి. రంగు మారిందంటే నిండినట్టు. ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. నీలం రంగు రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. ఆరెంజ్ రకం తీసుకోండి, ఏదైనా పిల్లలకి దూరంగా.

తేమ పీల్చే డబ్బాలని షాపుల్లో అమ్మేవి ఎక్కువగా క్యాల్షియం క్లోరైడ్. తన బరువు కంటే ఎక్కువ నీటిని లాగుతుంది, సిలికా కంటే స్ట్రాంగ్. కానీ చివరికి అది ఉప్పునీరు అవుతుంది. కారులో ఒలికితే రేకు తుప్పు పట్టేస్తుంది. లోతైన టబ్‌లో, కదలని చోట పెట్టి, రెండు వారాలకోసారి చూసేవాళ్లుంటేనే వాడండి.

బొగ్గు ఎక్కువగా వాసనని లాగుతుంది, తేమకి దాన్ని నమ్ముకోలేం. బియ్యం పెద్దగా పనిచేయదు, పైగా ఎలుకలకి ఆహ్వానం. కాల్చిన సున్నం అస్సలు వద్దు. నీరు తగిలితే ఉడుకుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం: అద్దం కొంచెం దించి, లోపల సిలికా పెడితే, ఆ కేజీ సిలికా బంగాళాఖాతాన్ని ఆరబెట్టే పనిలో ఉంటుంది. బిగిస్తేనే దానికి అర్థం.

ఊళ్లో ఉన్నవాళ్ల డ్యూటీ

కరెంటు మీద నడిచే డీహ్యుమిడిఫైయర్ కొనొచ్చు కదా అంటారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. మన తీరానికి తుపాను నెలలు అక్టోబర్, నవంబర్. చెమ్మ ఎక్కువుండే టైమ్‌లోనే కరెంటు పోతుంది. అందుకే కరెంటు లేకపోయినా పనిచేసే ప్లాన్ కావాలి. ఆ ప్లాన్ ఒక మనిషి.

రెండు వారాలకోసారి డ్రైవింగ్ వచ్చిన ఏ తమ్ముడైనా, బావైనా అరగంట కారు నడపాలి. ఊరికే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచడం వేస్ట్. బ్యాటరీ ఛార్జ్ అవ్వదు, సైలెన్సర్‌లో నీరు మిగులుతుంది. హ్యాండ్‌బ్రేక్ నెలల తరబడి లాగి ఉంచితే తుప్పుకి అతుక్కుపోవచ్చు, ఫస్ట్ గేర్‌లో పెట్టి చక్రాలకి రాళ్లు అడ్డు పెట్టండి. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం వరకూ ఇథనాల్ కలుస్తోంది, అది నీటిని పీలుస్తుంది. ట్యాంక్‌లో ఖాళీ తక్కువుంటే మంచిది, కాబట్టి నింపి వెళ్లండి.

నాన్నకి డ్రైవింగ్ రాకపోయినా మీటర్ చూడటం వచ్చు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ఏం జరుగుతుందో ఆయనకి మనకంటే బాగా తెలుసు. మీటర్ అద్దం దగ్గర పెట్టి, "నాన్నా, ఇది 65 దాటితే ఒక ఫోటో తీసి పంపు" అని చెప్పండి చాలు. నంబర్ పెరుగుతోందంటే సిలికా నిండింది, లేదా ఎక్కడో నీరు దిగుతోంది. ఎండ ఉన్న రోజు చూసి మళ్లీ ఒక రౌండ్ ఆరబెట్టాలి.

ఇప్పటికే బూజు పట్టేసి ఉంటే

పొడి గుడ్డతో దులపొద్దు, గాలంతా అదే అవుతుంది. మాస్క్ పెట్టుకుని, కారుని బయట పెట్టి, డోర్లన్నీ తీసి, సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే ఎండలో ఆరబెట్టండి. ఏసీ ఫిల్టర్ మార్చేయండి, బూజు అక్కడ కూడా ఉంటుంది. స్పాంజి లోపలి దాకా వెళ్లిపోతే సీట్లు విప్పి శుభ్రం చేయించాలి. సెంట్ డబ్బా తగిలిస్తే వాసన మారుతుంది, బూజు మారదు.

ఇదే లెక్క తాళం వేసి వెళ్లే ఇంటికి కూడా పనిచేస్తుంది. బయటి గోడకి ఆనించిన ఇనప బీరువాలో పట్టా కాగితాలు, సర్టిఫికెట్లు, అమ్మ పట్టుచీర ఉంటాయి. బీరువాని గోడ నుంచి నాలుగు అంగుళాలు జరపండి. కాగితాలు ఎండ రోజున ఆరబెట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో కొంచెం సిలికాతో పెట్టండి. ముందు ఆరబెట్టు, తర్వాత బిగించు.

ఊరెళ్లి వదిలి వచ్చే ప్లాన్ ఉన్న ఫ్రెండ్‌కి ఈ ఎపిసోడ్ షేర్ చేయండి, బస్ ఎక్కాక కాదు, ఎక్కే ముందు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై ఫ్రెండ్స్, ఉంటాను.